తేదీ లేని నిరీక్షణ

డిసెంబరు 31 రాత్రి చర్చిలో తీసుకున్న వాగ్దాన కార్డు ఇప్పుడెక్కడుంది?

పన్నెండు కొట్టగానే పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. మీరు వరసలో వెళ్ళి, లోపల ఏదో వేడుకుంటూ ఒక కార్డు తీశారు. మంచి వాగ్దానమే వచ్చింది. ఇంటికొచ్చి బీరువా అద్దానికి అంటించారు. ఫిబ్రవరిలో స్కానింగు రిపోర్టు వచ్చింది. లేదా ఆయన ఉద్యోగం పోయింది. లేదా పిల్లల కోసం తిరిగిన ఆస్పత్రుల లెక్కలో ఇంకొకటి చేరింది. ఇప్పుడు తల దువ్వుకునే ప్రతిసారీ ఆ కార్డు కళ్ళబడుతుంది. తీసేద్దామంటే భయం, ఉంచుదామంటే మంట.

ఆ మంట ఉన్నవాళ్ళ కోసమే ఈ అధ్యాయం. దేవుడు మంచివాడైతే ఈ శ్రమలెందుకు అన్న ప్రశ్న జోలికి నేను పోను. దాని మీద లావుపాటి పుస్తకాలున్నాయి. మా అమ్మ పక్షవాతంతో ఐదేళ్ళు మంచంలో ఉన్నప్పుడు వాటిలో రెండు చదివాను కూడా. రాత్రి రెండింటికి ఆమెను పక్కకి తిప్పేటప్పుడు అందులో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. రేపు పొద్దున ఏం చేయాలి, ఏం చేయకూడదు? మనకు కావాల్సింది అది.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు చూద్దాం. మన తెలుగు బైబిల్లో ఆశకు వాడిన మాట ‘నిరీక్షణ’. బయట పేపర్లో ఇదే మాట రేషను దుకాణం దగ్గరా, రిజర్వేషను కౌంటరు దగ్గరా కనిపిస్తుంది. గంటల తరబడి నిలబడి ఎదురుచూడటం. అనువాదకులు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ ఆశపడటాన్నీ ఎదురుచూడటాన్నీ ఒకే మాటలో ముడేశారు. క్యూలో నిలబడ్డవాడికి ఉత్సాహం ఉండాలన్న రూలేం లేదు. వరస వదిలిపెట్టి పోకపోతే చాలు.

రెండో మాట ‘ఓపిక’. కొంచెం ఓపిక పట్టమ్మా అంటాం. ఒంట్లో ఓపిక లేదమ్మా అనీ అంటాం. సహనానికీ సత్తువకీ మనకు ఒకటే మాట. చిన్నప్పటినుంచీ వాడుతూనే ఉన్నా ఈ సంగతి నాకు అమ్మ మంచం పక్కనే, అదీ చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది. ఎలాగో మూడో అంశంలో చెప్తాను.

1. దేవుడికి మీరు పెట్టిన తేదీ కొట్టేయండి

క్రైస్తవుల ఇళ్ళలో గోడ క్యాలెండర్ల మీద ఎక్కువగా కనిపించే వచనాల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వది ఒకటి. మీకు మేలే తలపెట్టాను, ముందుకాలం ఉంది అని దేవుడు భరోసా ఇచ్చే వచనం. దాని పైనున్న 10వ వచనం ఎప్పుడైనా ఏ క్యాలెండరు మీదైనా చూశారా? అందులో ఒక అంకె ఉంది. 70 ఏళ్ళు.

అది బబులోనుకు బందీలుగా పోయినవాళ్ళకు యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన ఉత్తరం. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందూ నిలబడి, రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తుందని ప్రకటించాడు. యిర్మీయా మెడమీదున్న కాడి లాగి విరగ్గొట్టాడు కూడా. పాపం యిర్మీయా ముందు ఆమేన్ అన్నాడు, అలా జరిగితే ఎంత బాగుండు అన్నట్టు. ఆ తర్వాతే, జరగదని చెప్పాడు. ఈ ఇద్దర్లో ఎవరి మీటింగుకి ఎక్కువమంది వస్తారో, ఎవరి పోస్టరు పెద్దదిగా వేస్తారో నేను చెప్పక్కర్లేదు.

ఉత్తరం అందిన రోజుకి 40 ఏళ్ళున్న మనిషికి లెక్క వెంటనే తెలిసిపోయుంటుంది, తాను మళ్ళీ ఊరు చూడడని. అతనికి ఆ ఉత్తరం ఏం చెప్పింది? ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకుని కాయలు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ పరాయి ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని. వెనక్కి తీసుకొస్తానన్న మాట నిజమే. మధ్యలో 70 ఏళ్ళ వంట, పంట, పెళ్ళిళ్ళు ఉన్నాయన్నదీ నిజమే.

ఇప్పుడు మీ పని. ఒక కాగితం మీద మీ ప్రార్థన ఉన్నదున్నట్టు రాయండి. అందులో తేదీ ఎక్కడుందో వెతకండి. “ఈస్టరులోపు”, “బడులు తెరిచేలోపు”, “చెల్లెలి పెళ్ళయ్యేలోపు”. దొరుకుతుంది. ఆ తేదీ ఒక్కటే కొట్టేయండి. అడిగిన సంగతి అలాగే ఉంచండి, దాన్ని తగ్గించుకోవద్దు.

ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. తేదీ ఎంత దగ్గర్లో పెడితే విశ్వాసం అంత గొప్పదనుకుంటారు. మా సంఘంలో ఒక తమ్ముడు ప్రార్థన కూడికలో లేచి, ఆగస్టు 15లోపు ఉద్యోగం వచ్చేసిందని నమ్ముతున్నానని చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. సెప్టెంబరు నుంచి అతను చర్చికి రావడం మానేశాడు. ఉద్యోగం రాకపోవడం వల్ల కాదు, మా ముఖాలు చూడలేక. అతనికి ఉద్యోగం నవంబరులో వచ్చింది. అతను తిరిగి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

2. చేతిలో పని ఉంచుకుని ఎదురుచూడండి

మాది ఒంగోలు. మా ఊళ్ళో ఒక కొండ ఉంది, ప్రార్థన కొండ అంటారు. 1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను ఏళ్ళ తరబడి ఎదుగూ బొదుగూ లేక, మూసేద్దామా అన్న చర్చదాకా వచ్చింది. అలాంటి రోజుల్లో 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనుకు చెందిన జ్యూయెట్ దంపతులు, వాళ్ళతో కొందరు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ళు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

ప్రసంగాల్లో ఈ కథ కొండ మీంచి నేరుగా ఏట్లోకి దూకుతుంది. నాకు నచ్చేది మధ్యలో ఉన్న బురద. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. జనం రోడ్ల పక్కన రాలిపోతున్నారు. క్లౌకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్ళకు పలుగూ పారా ఇచ్చి, కూలి కట్టించాడు. గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కొండమీద మోకరించడం ఎంత నిరీక్షణో, కాలువలో మట్టి ఎత్తడమూ అంతే నిరీక్షణ. ఒక్కటి మర్చిపోకండి: ఆ కాలువ దాకా రాలేక దారిలోనే పోయినవాళ్ళలోనూ ప్రార్థించినవాళ్ళు ఉండే ఉంటారు. 2,222 అన్న అంకె చెప్పేటప్పుడు వాళ్ళను తలుచుకోని సాక్ష్యం నాకు సగం సాక్ష్యంలాగే వినిపిస్తుంది.

మీ కాలువ ఏది? జబ్బు నయం చేయడం మీ చేతిలో లేకపోవచ్చు. ఆస్పత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం కౌంటరు దగ్గరికి వెళ్ళి ఏ కాగితాలు కావాలో కనుక్కోవడం మీ చేతిలో ఉంది. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టడం ఉంది. అప్పులన్నీ ఒక కాగితం మీద రాసి మొత్తం చూసుకునే ధైర్యం చేయడం ఉంది. వారానికి ఒక్కటి చాలు.

3. ఓపిక కోసం ప్రార్థించే ముందు ఓపిక తెచ్చుకోండి

అమ్మ పడిపోయిన నాలుగో నెల. వీపు పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. గాలి పరుపు మోటారు రాత్రంతా గుర్రుమంటూనే ఉండేది. మడమల కింద దిండు, మోకాళ్ళ మధ్య ఇంకో దిండు, దుప్పటి ముడతల్లేకుండా లాగడం. అంతా అయ్యాక పడుకుంటే గంటంపావుకి మళ్ళీ అలారం. ఒక పొద్దున గంజి తాగిస్తుంటే సరిగా మింగలేక నా చొక్కా మీదికి ఉమ్మేసింది. గట్టిగా అరిచాను. ఆమెకు మాట పోయింది గానీ చెవులు బానే వినిపిస్తాయి. అటు తిరిగి గోడ వైపు చూసింది.

ఆ రోజునుంచి ప్రతి రాత్రీ మోకరించి నాకు సహనం ఇమ్మని అడిగేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అరిచేవాణ్ణి. నాది పాపం అనుకున్నాను, విశ్వాసం తక్కువ అనుకున్నాను, ఉపవాసం కూడా పెట్టాను (నిద్ర లేనివాడు తిండీ మానేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి). ఒకరోజు పక్కింటి టీచరమ్మ గేటు దగ్గర ఆపి అడిగింది: “ఆరు గంటలు ఏకంగా పడుకుని ఎన్నాళ్ళయింది నాయనా?” జవాబు నా దగ్గర లేదు. ఆ వారమే మా పెదనాన్న కొడుకు మంగళ, శుక్రవారం రాత్రులు తను చూసుకుంటానని ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి నా కోపంలో సగం పోయింది. ప్రార్థన అదే, మనిషీ అదే. ఒంట్లోకి ఓపిక వచ్చింది, అంతే.

ఏలీయా సంగతి గుర్తు తెచ్చుకోండి. ఇక చాలు, చంపేయమని దేవుణ్ణి అడిగి బదరీవృక్షం కింద పడుకున్నాడు. దేవదూత వచ్చి మందలించాడా? ప్రసంగం చేశాడా? నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాడు నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. నువ్విక్కడ ఏం చేస్తున్నావని దేవుడు అడిగింది ఆ తర్వాతే.

కాబట్టి: రోగిని చూసుకునేవాళ్ళు వారానికి రెండు రాత్రులైనా పూర్తిగా పడుకోవాలి. అడగడానికి మొహమాటపడకండి. “ఏదైనా సాయం కావాలంటే చెప్పండి” అన్న ప్రతివాళ్ళకీ వెంటనే ఒక రోజూ, ఒక పనీ చెప్పండి. సగంమంది జారుకుంటారు. మిగతా సగం చాలు.

4. నీళ్ళ సీసా లెక్క

మా బాబాయికి మూడేళ్ళుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఎడమ చెయ్యి మీద ఫిస్టులా ఉంది. వేలు ఆనిస్తే లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మంటుంది. ఆ చెయ్యి జుమ్మంటున్నంతకాలం భయం లేదని పిన్ని పొద్దున లేవగానే తడిమి చూస్తుంది. సూదులకన్నా ఆయన్ని ఏడిపించేది దాహం. డాక్టరు రోజుకు ముప్పావు లీటరు అన్నారు (ఒక్కొక్కరికి ఒక్కో కొలత, మీ డాక్టరు చెప్పిందే మీ లెక్క). మొదట్లో ఆయన రేపటి నీళ్ళు ఇవాళే అప్పు తీసుకునేవాడు. మజ్జిగ లెక్కలోకి రాదనేవాడు. బరువు పెరిగి, ఊపిరాడక, రెండుసార్లు అర్ధరాత్రి ఆటో ఎక్కారు.

పిన్ని ఒక ఉపాయం చేసింది. పొద్దున ఏడింటికి ఒక సీసా నింపి కిటికీలో పెడుతుంది. కాఫీ తాగితే అంత నీళ్ళు సీసాలోంచి పారబోస్తుంది. మందులకు ఇంత, అన్నంలోకి ఇంత. చిన్న స్టీలు గ్లాసుతో గుక్క గుక్కగా. రాత్రికి సీసా ఖాళీ. మర్నాడు ఏడింటికి మళ్ళీ నిండుతుంది. నిన్న మిగిల్చినా ఇవాళ ఎక్కువ రాదు, రేపటిది ఇవాళ దొరకదు.

సండే స్కూల్లో మన్నా కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నాం? తలకు ఒక ఓమెరు. ఎవడి ఆకలికి తగ్గట్టు వాడిది. దాచుకున్నది పురుగు పట్టింది. ఆ కథ నాకు నిజంగా అర్థమైంది ఆ కిటికీ దగ్గర. వచ్చే ఏడాదిని తట్టుకునే శక్తి మీకు ఇవాళ లేదని భయపడుతున్నారా? అది ఇవాళ ఇచ్చేది కాదు. ఈ రాత్రికి సరిపోయిందా లేదా, అది చూసుకోండి.

5. మందులు మానకండి

దీన్ని సాగదీయను. స్వస్థత కూటంలో నూనె రాయించుకోండి, నేనూ రాయించుకున్నాను. కానీ ఇన్సులిన్ మానేయమని, బీపీ బిళ్ళ పారేయమని ఏ వేదిక మీంచి చెప్పినా వినకండి. బాగుపడతావని దేవుడే చెప్పిన హిజ్కియాకు కూడా యెషయా పుండు మీద అంజూరపు ముద్ద కట్టించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతికి కడుపు బాలేకపోతే పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని చీటీ రాశాడు. ఇక ‘ప్రత్యేక ప్రార్థన’కు ఇంత కానుక అని రేటు చెప్పేచోట చెప్పులు వేసుకుని బయటికి వచ్చేయండి.

6. ఏడుపును చర్చి బయట వదిలి రాకండి

మన కూడికల్లో సాక్ష్యం చెప్పేవాళ్ళను గమనించారా? గట్టెక్కినవాళ్ళే లేస్తారు. నడి ఏట్లో ఉన్నవాళ్ళెవరూ లేవరు. దాంతో నడి ఏట్లో ఉన్నది తాము మాత్రమే అని ప్రతివాళ్ళూ అనుకుంటారు.

150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొర పెట్టుకునేవే. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం అని నాలుగుసార్లు అడుగుతుంది. 88వది ఇంకా ఘోరం, చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది, చివర స్తోత్రం లేదు. అయినా దాన్ని ఎవరూ పుస్తకంలోంచి తీసేయలేదు. విలాపవాక్యములయితే మొదటి నాలుగు అధ్యాయాల్లో అక్షరాల వరసలో ఏడుస్తుంది. హెబ్రీకి 22 అక్షరాలు, అధ్యాయానికి 22 వచనాలు, మూడో అధ్యాయంలో దానికి మూడింతలు, 66. మన లెక్కలో అ నుంచి ఱ దాకా ఏడ్చినట్టు. నిరీక్షణ మాట ఆ పుస్తకం నట్టనడుమ ఎక్కడో వస్తుంది. వచ్చాక మళ్ళీ ఏడుపు మొదలవుతుంది.

ఏం చేయాలంటే, రోజుకు పది నిమిషాలు తలుపేసుకుని దేవుడితో ఉన్న కోపం ఉన్నట్టు చెప్పండి. నోటితో రాకపోతే రాయండి. చివర ‘అయినా నీ చిత్తమే’ అని అలవాటుగా తగిలించకండి. గెత్సేమనేలో ప్రభువు ఆ మాట అనేముందు, ఈ గిన్నె తప్పించమని అడిగాడు. అదీ ఒక్కసారితో ఊరుకోలేదు, మూడుసార్లు వెళ్ళి ప్రార్థించాడు. మీరు మొదటి సగం దాటేసి రెండో సగం పలికితే అది లొంగుబాటు కాదు, మర్యాద.

7. పరామర్శకు వచ్చేవాళ్ళతో

యోబు స్నేహితులు నిజానికి మంచిగానే మొదలుపెట్టారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు నేలమీద పక్కనే కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే పాడుచేశారు. పుస్తకం చివర దేవుడు మందలించింది వాళ్ళను, పుట్టిన రోజును తిట్టుకున్న యోబు మాటే సరైందన్నాడు. ఓర్పుకు మనం యోబునే ఉదాహరణగా చెప్తాం. ఆ ఓర్పులో ఎంత అరుపుందో మాత్రం చెప్పం.

మీ ఇంటికీ వస్తారు. ఆపిల్ పళ్ళ కవరుతో. వాళ్ళనే మాటలు, మీరు అనగలిగే జవాబులు కొన్ని:

“ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకో అమ్మా.” — “పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఇదే అడిగారు అత్తయ్యా. ఇతనూ కాదు, వీళ్ళ అమ్మానాన్నలూ కాదన్నాడు కదా ప్రభువు.”

“దేవుడు ప్రేమించేవాళ్ళకే శ్రమలు వదినా.” — “కాస్త తక్కువ ప్రేమించమని చెప్పండి వదినా.” (ఇది మా పిన్ని జవాబు. అందరికీ నప్పదు.)

“మా ఆడపడుచుకీ ఇదే జబ్బు, ఆర్నెల్లే బతికింది.” — దీనికి జవాబు లేదు. కాఫీ పెట్టడానికి లేచి వెళ్ళండి.

రేపు మీరు ఇంకొకరింటికి వెళ్తే? ఆపిళ్ళు వద్దు. ఇడ్లీ క్యారేజీ తీసుకెళ్ళండి. పొద్దున ఐదింటికి వెళ్ళి ఓపీ చీటీ తీసిపెట్టండి. ప్రార్థన రెండు నిమిషాల్లో ముగించండి. మంచం మీదున్న మనిషి మీ ప్రార్థన అయ్యేదాకా మూత్రం ఆపుకుని ఉండొచ్చు.

8. ఓపిక పట్టకూడని చోటు

భర్త కొడుతుంటే సిలువ మోస్తున్నావు, ఓర్చుకో అని మీకెవరైనా చెప్పారా? ఎంత పెద్ద బోధకులైనా సరే, ఆ మాట తప్పు. దమస్కులో ప్రాణం మీదికి వస్తే పౌలు గోడమీంచి బుట్టలో దిగి పారిపోయాడు. కొరడా తీస్తే నేను రోమా పౌరుణ్ణని చట్టం మాట్లాడాడు. కైసరు దగ్గరికి అప్పీలు చేసుకున్నాడు. తప్పించుకోగల దెబ్బను తినడం ఓర్పని ఆయన అనుకోలేదు. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే, దాన్ని ఎవరికీ చెప్పకుండా మోయకండి. టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోను చేయడం విశ్వాసం లేకపోవడం కాదు. ఏలీయాకూ అదే ఆలోచన వచ్చిందని పైన చెప్పాను.

9. ప్రార్థన రాని రోజున

వస్తుంది ఆ రోజు. మోకాళ్ళ మీద ఉంటారు, లోపల ఏమీ ఉండదు. కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించినప్పుడు, యేసు చూసింది ‘వారి’ విశ్వాసం అని మార్కు రాశాడు. మంచం మీదున్నవాడు ఏం నమ్మాడో, అసలు ఏమైనా నమ్మాడో మనకు తెలియదు. కొన్నాళ్ళు మీరూ ఆ మంచం మీదున్నవాళ్ళే. మోసేవాళ్ళు నలుగురు ఎవరో ఇవాళే పేర్లు రాసిపెట్టుకోండి, వాళ్ళకి చెప్పండి కూడా.

అమ్మకు మాట పోయిందన్నాను కదా. నా పేరు కూడా పలకలేకపోయేది, ‘ఊ’ ఒక్కటే. ఒక గురువారం మహిళా కూడిక వాళ్ళు మా ఇంట్లో చేరి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాత పాట ఎత్తుకున్నారు. రెండో చరణానికి అమ్మ గొంతు కలిసింది. ఉత్త రాగం కాదు, మాటలు. వంకరగా, ముద్దగా, కానీ మాటలే. తర్వాత డాక్టరును అడిగితే, మాట పోయినవాళ్ళలో కొందరికి పాట మిగులుతుంది, రెండింటికీ మెదడు వాడే దారులు పూర్తిగా ఒకటి కావన్నారు. పాట అయిపోగానే మళ్ళీ ‘ఊ’. అప్పట్నుంచి గురువారాలు మానలేదు. నాకు ప్రార్థన రాని రోజుల్లో నేనూ గుమ్మం దగ్గర కూర్చునేవాణ్ణి, పాడకుండా.

అమ్మ నడవలేదు. నయమవుతుందన్నది మా కోరిక, అది తీరలేదు. చావు దగ్గర కథ ఆగదన్నది వేరే సంగతి. రోమా సంఘానికి పౌలు రాసిన ఉత్తరంలో ఎనిమిదో అధ్యాయం కళ్ళకు కనబడేదాని కోసం ఎవరు ఎదురుచూస్తారని అడుగుతుంది. సృష్టి మూలుగును అక్కడ ప్రసవవేదనతో పోల్చాడు. పురిటినొప్పి పడుతున్న మనిషికి అది పురిటినొప్పి అని చెప్తే నొప్పి తగ్గదు. కానీ చేతులు పట్టుకున్నవాళ్ళు వదిలిపెట్టరు.

మా వైపు ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం కొడతాం. ఆదివారం చీకటితోనే కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్తాం. ఈసారి అమ్మ సమాధి దగ్గర గాలికి కొవ్వొత్తి నిలవక, పిన్ని కొంగు అడ్డం పెట్టి కూర్చుంది. పాస్టరుగారు ఇంకా రాలేదు. తూర్పున కొంచెం తెల్లబడుతోంది.

“మీ బాబాయికి ఇంకెన్నాళ్ళురా ఇలా?” అంది, కొవ్వొత్తి మీంచి చూపు తీయకుండా.

“తెలీదు పిన్నీ. మంగళవారం డయాలసిస్‌కి నేను తీసుకెళ్తాను. నువ్వు పడుకో.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“సరే. సీసా మర్చిపోకు,” అంది.